కరువు సీమలో వాక్య శ్రవణం: అనంతపురం క్రైస్తవ సంఘాలు, హృదయ కాఠిన్యపు హెచ్చరిక

నైరుతి మేఘాలను పశ్చిమ కనుమలు అడ్డుకోవడం వల్ల, ఈశాన్య రుతుపవనం తీరం దాటి లోపలికి వచ్చేసరికి బలం కోల్పోవడం వల్ల, అనంతపురం పీఠభూమికి ఏడాది మొత్తంమీద దక్కే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్నా, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటలుగానే కనిపించే ఈ నేలమీద క్రైస్తవం మూడు శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఆ మతం తన విశ్వాసులకు తరతరాలుగా వినిపిస్తున్న హెచ్చరికల్లో ముఖ్యమైనది ఒకటుంది: దేవుని స్వరం చెవిన పడినప్పుడు దానికి లోబడాలనీ, మనసును బండబార్చుకోరాదనీ చెప్పేది. నీటి చుక్క దొరకని ఎడారిలో దాహంతో అలమటించిన ఒక జనసమూహం కథలోనే ఈ హెచ్చరిక పుట్టింది కనుక, కరువు సీమలో దాన్ని విన్నవారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఎవరికి వర్తింపజేశారు, ఎక్కడ పాటించారు, ఎక్కడ తప్పారు అన్నది విడిగా పరిశీలించదగిన చరిత్ర. ఆ చరిత్ర సారాంశం ఇది: ఈ హెచ్చరికను ఎదుటివారి మీద తీర్పుగా ప్రయోగించిన ప్రతిసారీ అది ప్రయోగించినవారి మనసునే గట్టిపరచింది, తమకే చెప్పిన మాటగా విన్నచోట అది సంఘాన్ని నిలబెట్టింది, పొరుగువాడి ఆకలి దప్పులకు చెవి తెరిపించింది.

ఎడారిలో పుట్టిన హెచ్చరిక

బైబిలు పాత నిబంధనలోని నిర్గమకాండం పదిహేడవ అధ్యాయం ప్రకారం, ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు రెఫీదీము అనే చోట దిగినప్పుడు తాగడానికి నీళ్లు లేక, తమను నడిపించిన మోషేతో తగవులాడి, దేవుడు తమ మధ్య ఉన్నాడా లేడా అని సందేహించారు. ఆ తరువాత బండనుంచి నీరు వెలువడింది, ఆ తావుకు మస్సా, మెరీబా అనే పేర్లు నిలిచాయి. ఈ సంఘటనను గుర్తుచేస్తూ 95వ కీర్తన ఆరాధకులకు ఆహ్వానంతో మొదలై హెచ్చరికతో ముగుస్తుంది. కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన పత్రిక మూడు, నాలుగు అధ్యాయాలు అదే కీర్తనను తీసుకుని, ఆ హెచ్చరిక గడిచిపోయిన తరానికే కాక ఈనాడు వింటున్న ప్రతివారికీ వర్తిస్తుందనీ, విశ్వాసులు ప్రతిదినం ఒకరినొకరు హెచ్చరించుకోవాలనీ బోధిస్తుంది.

హృదయ కాఠిన్యం అంటే భావోద్వేగం లేకపోవడం కాదు. విన్నమాటకు లోబడే శక్తి క్రమంగా నశించడం. మోషే మాట విని, దెబ్బ తగిలినప్పుడల్లా మెత్తబడినట్టు కనిపించి, ఉపశమనం కలగగానే మళ్లీ బిగుసుకుపోయిన ఫరో రాజు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అయితే సువార్తలు ఈ దోషాన్ని దేవుణ్ణి ఎరగని రాజుకే పరిమితం చేయలేదు. మార్కు సువార్తలో ఎండిపోయిన చేయి గలవానిని విశ్రాంతి దినాన బాగుచేస్తాడా లేదా అని కనిపెడుతూ మౌనం వహించిన పరిసయ్యుల కాఠిన్యం యేసును దుఃఖపెడుతుంది; అదే సువార్తలో, రొట్టెల అద్భుతాన్ని కళ్లారా చూసిన శిష్యుల హృదయాలు సైతం కఠినమైనవని చెప్పబడుతుంది. దీన్నిబట్టి తేలేది ఏమంటే, ఈ ప్రమాదం ముఖ్యంగా మాట వినడానికి దగ్గరగా ఉన్నవారిదే. గుడిలో ఉన్నవారిది, గ్రంథం చేతిలో ఉన్నవారిది.

మూడవ శతాబ్దపు వేదాంతి ఓరిజెన్ ఫరో సమస్యను వివరిస్తూ, ఒకే వాన దున్నిన పొలంలో పంటనూ దున్నని నేలలో ముళ్లనూ పుట్టిస్తుందని హెబ్రీ పత్రికలోని ఉపమానాన్ని ఆధారం చేసుకున్నాడు. దోషం వానది కాదు, నేలను సిద్ధం చేయనివారిదన్నది అతని వాదం. ఆరవ శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసులకు రాసిన నియమావళి వినమనే ఆజ్ఞతోనే మొదలవుతుంది; 95వ కీర్తనను అనుదిన ప్రార్థన ఆరంభ భాగంలో చదవాలని ఆ నియమావళి నిర్ణయించింది. 16వ శతాబ్దపు ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం కూడా ఉదయ ఆరాధనలో దాన్నే నిలిపింది. ఇలా మధ్యధరా తీరం నుంచి ఇంగ్లండు దాకా ప్రయాణించిన ఈ కీర్తన, వేర్వేరు దారుల్లో, రాయలసీమకు చేరింది.

పద్దెనిమిదో శతాబ్దపు తొలి శ్రోతలు

అనంతపురం ప్రాంతానికి క్రైస్తవ బోధ మొదట చేరింది ఆంగ్లేయుల ద్వారా కాదు. పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసిన ఫ్రెంచి జెసూట్ సన్యాసుల కర్ణాటక మిషన్ 1700 తరువాతి తొలి ఏళ్లలో పుంగనూరు మీదుగా ఉత్తరానికి విస్తరించి, నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పరిధిలోని పల్లెలకు చేరుకుంది. జెసూట్లు అంటే 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా స్థాపించిన యేసు సభకు చెందిన కతోలిక గురువులు. వారు కాషాయం ధరించి, మాంసాహారం మాని, తెలుగు నేర్చి, దేశీయ సన్యాసుల పద్ధతిలో జీవించారు. వారి బోధ విన్న రైతు కులాలవారిలో కొన్ని రెడ్డి కుటుంబాలు ప్రముఖమైనవి; ఆ శతాబ్దంలోనే యుద్ధాల తాకిడికీ కరువులకూ ఆ కుటుంబాల్లో కొన్ని ఊళ్లు విడిచి గుంటూరు సీమకు, ఫిరంగిపురం ప్రాంతానికి తరలిపోయాయి.

1773లో పోపు పద్నాలుగవ క్లెమెంటు యేసు సభను రద్దు చేయడంతో ఈ తెలుగు సంఘాలకు గురువుల రాక బాగా తగ్గిపోయింది. గురువు లేనిదే పూజాబలి జరగని కతోలిక సంప్రదాయంలో ఇది సామాన్యమైన లోటు కాదు. అయినప్పటికీ, 1870ల మధ్యలో మిల్ హిల్ సభ గురువులు తెలుగు సీమకు వచ్చేనాటికి ఈ వలస కుటుంబాల వారసులు తమ విశ్వాసాన్ని విడువలేదు. నోటికి వచ్చిన జపాలు, ఇంటి పెద్దలు చేయించిన ప్రార్థనలు, పండుగల ఆచరణ వారిని ఇంతకాలం నిలిపాయి. బోధకుడు కనబడకపోయినా ఒకప్పుడు విన్నమాటను తరువాతి తరానికి వినిపించడమే శ్రద్ధగా వినడంలో సగభాగమని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

ఇదే కాలంలో దీనికి విరుద్ధమైన స్వరం ఒకటి వినిపించింది. దక్షిణాదిలో మూడు దశాబ్దాలు పనిచేసి ఫ్రాన్సుకు తిరిగి వెళ్లిన కతోలిక గురువు అబే దుబాయ్, 1823లో లండన్‌లో ప్రచురించిన లేఖల్లో, హిందువులను నిజమైన క్రైస్తవులుగా మార్చడం సాధ్యం కాదని వాదించాడు. ప్రొటెస్టెంటు మిషనరీలు దానికి తీవ్రంగా బదులిచ్చారు. ఆ వివాదంలోని మత రాజకీయాలు ఎలా ఉన్నా, ఒక జాతి మొత్తాన్ని వినలేనిదిగా తీర్మానించడం హృదయ కాఠిన్యపు హెచ్చరికను తలకిందులు చేయడమే. 95వ కీర్తన అన్యజనుల గురించి రాసినది కాదు, ఆలయ ద్వారంలో అడుగుపెడుతున్న స్వజనానికి చెప్పినది. దుబాయ్ తీర్పు చెప్పిన నాటికే తెలుగు పల్లెల్లో, గురువు ముఖం అరుదుగా చూసిన కుటుంబాలు రాత్రిళ్లు జపమాల చెప్పుకుంటున్నాయి.

ఉపదేశి, సాయంకాల కూటం, పిడికెడు గింజలు

1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో తన కార్యస్థానాన్ని అనంతపురంలో ఏర్పరచుకున్నాడు. తరువాత మద్రాసు గవర్నరైన అతడు, 1822లో, బళ్లారి ప్రాంతంలో సబ్ కలెక్టరు హోదాలో ఉంటూ మత ప్రచారం చేసిన ఒక అధికారి తీరును తప్పుపట్టాడు. పన్ను వసూలు చేసే చేతితో మత గ్రంథం పంచితే ప్రజలకు అది బలవంతంగానే తోస్తుందన్నది ఆ అభ్యంతరంలోని సారం. మన్రో దృష్టి పాలనా సంబంధమైనదే అయినా, అధికారానికి తలవంచడం వేరనీ మాటకు చెవియొగ్గడం వేరనీ గుర్తించిన ఆ వివేచన ఈ చరిత్రకు ఎంతో అవసరమైనది.

1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ, అంటే ప్రధానంగా కాంగ్రిగేషనల్ సంఘాల మద్దతుతో నడిచిన ప్రొటెస్టెంటు ప్రచార సంస్థ, 1805లో విశాఖపట్నంలోనూ 1810లో జాన్ హ్యాండ్స్ ద్వారా బళ్లారిలోనూ 1822లో విలియం హొవెల్ ద్వారా కడపలోనూ పని ప్రారంభించింది. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే కనుక ఇక్కడి పల్లెలు తొలుత బళ్లారి బోధకుల సంచారంలో భాగంగా మాత్రమే ఈ బోధ విన్నాయి. గుత్తి, అనంతపురం, కదిరి పట్టణాల్లో స్థిరమైన కేంద్రాలు ఏర్పడింది 19వ శతాబ్దపు చివరి రెండు దశాబ్దాలలోనే. ఈ లోగా తెలుగు గ్రంథం సిద్ధమయింది. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం అచ్చుకాకుండా మిగిలిపోగా, 1818లో కొత్త నిబంధన, 1854 నాటికి సంపూర్ణ బైబిలు తెలుగులో ముద్రితమయ్యాయి.

అయితే గ్రంథం అచ్చయినంత మాత్రాన అది పల్లెకు చేరలేదు. లండన్ మిషన్ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాలపల్లెలవారు. వారిని అక్షరం ముఖం చూడనీయని వ్యవస్థ అది. అందుచేత ఈ సీమలో క్రైస్తవం చదివే మతంగా కాక వినే మతంగా వేళ్లూనింది. ఆ వినికిడికి ఆధారం ఉపదేశి. ఉపదేశి అంటే అభిషిక్తుడైన పాదిరి కాడు. కొద్దిపాటి చదువు, బైబిలు శిక్షణ పొంది, చాలీచాలని జీతంతో పల్లెలోనే కాపురముండే స్థానిక బోధకుడు. పగలు పిల్లలకు ఓనమాలు నేర్పి, పొద్దుగుంకాక పొలం పనులనుంచి తిరిగివచ్చినవారిని పోగుచేసి, ఒక భాగం చదివి వినిపించి, అర్థం చెప్పి, తిరిగి వారిచేత చెప్పించడం అతని నిత్యకృత్యం. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, ప్రశ్నోత్తరాల రూపంలో ఉన్న బోధ కంఠస్థం చేసినవారికే బాప్తిస్మం ఇచ్చేవారు కాబట్టి, నెలల తరబడి సాగే ఈ వినికిడి ఒక శిక్షణగా, ఒక క్రమశిక్షణగా రూపొందింది. ఇళ్లలోకి ఉపదేశులు వెళ్లలేని చోట బైబిలు స్త్రీలు, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవారికి వాక్యం చదివి చెప్పే బోధకురాళ్లు, ఆ పని చేశారు. చదువురాని తల్లి తాను విన్న కథను పిల్లలకు చెప్పడంతో ఆ శ్రవణం ఇంటి మాటల్లో కలిసిపోయింది.

విన్నది మనసులో నిలవడానికి పాట తోడయింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు దేశీయ రాగతాళాల్లో రచించిన కీర్తనలు తెలుగు సంఘాలన్నిటా వ్యాపించాయి. తాళాలు, డప్పు తెలిసిన పల్లెకు అవి పరాయివిగా తోచలేదు. గ్రంథాన్ని చేత పట్టలేనివారు దానిలోని వేదాంతాన్ని గొంతులో పట్టుకున్నారు. విన్నమాటకు క్రియ కూడా తోడు కావాలన్న బోధ రెండు ఆచారాలకు బలమిచ్చింది. మొదటిది పిడికెడు కానుక: గృహిణి వంటకు గింజలు కొలిచేటప్పుడు ఒక పిడికెడు విడిగా తీసిపెట్టి, వారాంతంలో సంఘానికి అర్పించేది, మెట్ట సీమలో అది జొన్న, కొర్ర, రాగి గింజల రూపంలోనూ ఉండేది. రెండవది కోత పండుగ: పంటలో తొలి భాగాన్ని, కోడిని, గుమ్మడికాయను గుడికి తెచ్చి అర్పించే దినం. ఏటేటా పంట పండుతుందన్న నమ్మకం లేని నేలలో కృతజ్ఞతార్పణకు ఒక దినాన్ని నియమించుకోవడం, మెరీబా వద్ద సణుగుకున్న జనానికి భిన్నమైన జవాబు ఇవ్వడమే.

ధాత కరువు: ఎవరి హృదయం కఠినమైంది

1876–78 నాటి మహాక్షామాన్ని రాయలసీమ ప్రజలు ధాతు నామ సంవత్సరం పేరుమీద ధాత కరువుగా గుర్తుంచుకున్నారు. అనంతపురం తాలూకాలు భాగంగా ఉన్న నాటి బళ్లారి జిల్లా మద్రాసు రాజధానిలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు వైభవంగా జరుగుతున్న రోజుల్లోనే ఇక్కడ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ఆ నెలలోనే కరువు పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ప్రభుత్వ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో, సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికి సరిపడే డబ్బు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఆ కూలి మనిషిని బతికించడానికి చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గణాంకాలతో వాదించాడు. పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ చందాల సేకరణలో పాలుపంచుకుని, 1878లో ఆ కరువు చరిత్రను రెండు సంపుటాలుగా రాశాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ ప్రభుత్వపు ఆంగ్లికన్ అధికారుల చర్చిలో ఉదయ ఆరాధనలో కీర్తనల పఠనం 95వ కీర్తనతోనే మొదలయ్యేది. హృదయాన్ని కఠినపరచుకోవద్దన్న మాటను పెదవులతో పలుకుతూనే, ఆకలిగొన్నవారి మొరను లెక్కల పుస్తకంలో ఒక అంకెగా మార్చిన ఆ వైఖరి, ఇశ్రాయేలీయుల వెట్టి తగ్గించక గడ్డి కూడా ఇవ్వకుండా ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఫరో వైఖరికి ఎంతమాత్రం దూరం కాదు. డాక్టర్ కార్నిష్ వంటివారు అదే వ్యవస్థలో ఉంటూ ఎదురు మాట్లాడారు కాబట్టి, ఆ కాఠిన్యం తప్పించుకోలేనిదని చెప్పడానికి వీలులేదు.

కరువు మిషన్లను కూడా పరీక్షించింది. అన్నం దొరికే చోట ప్రజలు చేరతారు కనుక, ఆ చేరిక విశ్వాసమా ఆకలా అన్న ప్రశ్న ఆనాడే లేచింది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలాదిమందికి కూలి చూపించాడు గాని, సహాయం అందుతున్న కాలంలో నెలల తరబడి ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిన తరువాత కూడా జనం వస్తూనే ఉండడంతో, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. రాయలసీమలోని లండన్ మిషన్, నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాల ఆంగ్లికన్ మిషన్ సంఘాల్లో కూడా కరువు తరువాత చేరికలు పెరిగాయి. దీనిని గింజల కోసం మతం మారడంగా కొట్టిపారేసినవారు ఒక సంగతి మరచారు. మనిషి ఆకలితో ఉన్నంత మాత్రాన వినే శక్తి కోల్పోడు. తరాలుగా ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజంలో, కరువు వేళ తమ వాడకు నడిచివచ్చి తమను పేరుపెట్టి పిలిచిన స్వరం ఎటువంటిదో పోల్చుకోవడానికి వారికి తగినంత వివేకం ఉంది. గంజి అయిపోయాక కూడా వారు సంఘాల్లో నిలిచి ఉండడమే దానికి సాక్ష్యం.

కరువు మరో కఠినమైన ప్రశ్నను కూడా తెచ్చింది. ఆజ్ఞ మీరిన జనానికి ఆకాశం ఇత్తడిలా అవుతుందని ద్వితీయోపదేశకాండం చెప్పిన మాట ఆధారంగా, వానలు లేకపోవడం జనుల హృదయ కాఠిన్యానికి శిక్ష అని బోధించడం సులభం. ఈ బోధ కరువు సీమ సంఘాలకు అన్యాయం చేస్తుంది. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు ఇతరులకన్నా పాపులు కారని లూకా సువార్తలో యేసు స్పష్టం చేస్తాడు. దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకేలా వాన కురిపిస్తాడని మత్తయి సువార్త చెబుతుంది. రెఫీదీములో సైతం దాహం జనుల తప్పు కాదు. దాహంలో తమ మధ్య దేవుడు లేడని తేల్చుకోవడమే వారిలో దోషం. అన్నపు కరువు, నీటి కరువు కాక దేవుని మాట వినలేకపోయే కరువు వస్తుందని ప్రవక్త ఆమోసు చెప్పిన మాటను దీనితో కలిపి చదివితే, అసలైన క్షామం ధాన్యపు కొట్లు నిండుగా ఉన్నచోట కూడా ఉండగలదని అర్థమవుతుంది. ఆమోసు ఆ హెచ్చరిక చేసింది దీనులను వెండికి కొనే వర్తకులకు.

సంఘం లోపలి బండ

వాక్యం విన్న సంఘాల్లో మెత్తబడని బండ ఒకటి మిగిలింది, అది కులం. కడప, కర్నూలు ప్రాంతాల మిషన్లలో మాలలు ముందుగా, ఎక్కువగా చేరినందువల్ల మాదిగలు దూరంగా నిలిచారు. ఒంగోలు ప్రాంతంలో మాదిగలు ముందుగా చేరినందువల్ల మాలలు వెనుదీశారు. కతోలిక సంఘంలో రెడ్డి క్రైస్తవులు, దళిత క్రైస్తవులు ఒకే మతంలో వేర్వేరు సమాజాలుగా కొనసాగారు. ప్రభువు భోజనంలో, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టెను ద్రాక్షారసాన్ని పంచుకునే ఆరాధనలో, ఒకే పాత్ర నుంచి తాగడానికి సందేహించిన సంఘాలు తెలుగు, తమిళ ప్రాంతాల్లో రెండు శతాబ్దాల పాటు కనిపిస్తాయి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘాల్లో కుల భేదం పూర్తిగా మానాలని ఆజ్ఞాపత్రం పంపినా, పెళ్లి సంబంధాల్లో, శ్మశానాల్లో, సంఘ పెద్దల ఎన్నికల్లో అది బతికే ఉంది.

హెబ్రీ పత్రిక చెప్పిన కాఠిన్యానికి అనంతపురం చరిత్రలో దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. బోధ రోజూ చెవిన పడుతున్నా జీవితంలో ఒక గదిని మాత్రం దానికి మూసి ఉంచడమే కాఠిన్యం. ఆ గది తాళంచెవి ప్రతి తరానికీ వారసత్వంగా అందుతూ వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి మినహాయించడంతో, మతం మారితే కులం పోతుందని చట్టం భావించినట్టయింది. ఊరు మాత్రం అలా భావించలేదు, సంఘం కూడా అలా ఆచరించలేదు.

ఈ నేపథ్యంలో ఐక్యత కోసం జరిగిన ప్రయత్నాలకు గొప్ప విలువ ఉంది. 1908లో లండన్ మిషన్ సంఘాలు ఇతర కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలతో కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘాలు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. శతాబ్దాల విభేదాల తరువాత బిషప్‌లున్న సంఘాలూ బిషప్‌లు లేని సంఘాలూ ఒకే ఆరాధనకు రావడం ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే అపూర్వం. రాయలసీమలో ఇది రెండు రకాల శ్రవణాలను దగ్గరకు తెచ్చింది: ప్రసంగమే కేంద్రంగా గల లండన్ మిషన్ పద్ధతి ఒకటి, క్రమబద్ధమైన కీర్తన పఠనం, ప్రార్థనలు గల ఆంగ్లికన్ పద్ధతి మరొకటి. కాని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ క్రైస్తవుల్లో గణనీయమైన భాగం ఈ ఐక్యతలో చేరక విడిగా నిలిచింది. ఇతరుల స్వరంలో దేవుని స్వరాన్ని గుర్తించడం ఎంత కష్టమో అది తెలియజేసింది. అయినా లండన్ మిషన్ సంప్రదాయంలో ఎదిగిన హోస్పేట సుమిత్ర రాయలసీమ బిషప్‌గా సేవచేసి, దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటరుగా, అంటే దాని మహాసభకు అధ్యక్షునిగా, ఎన్నిక కావడం కరువు సీమ సంఘాలు కేవలం బోధింపబడేవిగా ఉన్న కాలం ముగిసిందనడానికి గుర్తు.

ఉజ్జీవం, సేవ

20వ శతాబ్దపు మధ్యకాలంలో వాక్య శ్రవణానికి మరో రూపం వచ్చింది. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కెనడాలో క్రైస్తవుడై, 1933లో స్వదేశానికి తిరిగివచ్చిన భక్త్ సింగ్, 1941లో మద్రాసులో స్వతంత్ర సహవాసాన్ని ఆరంభించి, తరువాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా 2000లో మరణించేదాకా పనిచేశాడు. జీతం, పదవి, మిషన్ నిధి లేకుండా ప్రతి నిర్ణయానికీ దేవుని స్వరం కోసం మోకాళ్లూని కనిపెట్టాలన్న ఆయన బోధ తెలుగు జిల్లాల్లో లోతుగా నాటుకుంది. ఉపదేశి నోట విన్న తరం స్థానంలో, బైబిలు చేతపట్టుకుని తెల్లవారుజామున స్వయంగా చదువుకునే తరం తయారైంది. సంఘమంతా కలిసి వినే పాత అలవాటుకు ఏకాంత ధ్యానం తోడయింది. ఉపవాస ప్రార్థనలు, ఉజ్జీవ కూటాలు, అంటే చల్లారిన విశ్వాసాన్ని రగిలించడానికి రోజుల తరబడి జరిపే సభలు, పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఆనవాయితీ అయ్యాయి.

ఈ వ్యక్తిగత శ్రవణంలో గొప్ప బలం ఉంది, ఒక ప్రమాదం కూడా ఉంది. తన మనసులో మెదిలిన ప్రతి కోరికనూ దేవుని స్వరమనుకునే అవకాశం అందులో ఉంది. దీనికి క్రైస్తవ సంప్రదాయం మూడు కొలతలు చెబుతుంది: విన్నది గ్రంథం మొత్తంతో పొసగాలి, సంఘంలోని పెద్దల వివేచనకు నిలవాలి, ప్రేమక్రియగా ఫలించాలి. ఉపవాసం చేస్తూ కూలివారిని పీడించేవారిని యెషయా గ్రంథం యాభై ఎనిమిదవ అధ్యాయం గద్దిస్తుంది. ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడమే దేవునికి ఇష్టమైన ఉపవాసమని బోధిస్తుంది. సమూయేలు బాలుడు రాత్రివేళ తనను పిలిచిన స్వరాన్ని పోల్చుకోలేక వృద్ధ యాజకుడు ఏలీ దగ్గరకు పరుగెత్తడం, ఏలీ తనకే ప్రతికూలమైన సందేశాన్ని దాచకుండా చెప్పించుకోవడం ఈ మూడు కొలతలకూ మేలైన దృష్టాంతం. తనకు నచ్చని మాటను సైతం వినగోరిన ఆ వృద్ధుడు ఎన్ని తప్పులు చేసినా, ఆ ఒక్క రాత్రి కఠినహృదయుడు కాడు.

మూడవ కొలతకు అనంతపురంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. స్పెయిన్‌కు చెందిన జెసూట్ గురువు విసెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచిపోవలసివచ్చి, తిరిగి అనుమతి పొంది 1969లో అనంతపురం చేరాడు. మరుసటి ఏడాది జెసూట్ సభను వీడి, ఆన్ పెర్రీని వివాహమాడి, గ్రామీణాభివృద్ధి సంస్థను నడిపి, 2009 జూన్ 19న ఇక్కడే మరణించాడు. ఆ సంస్థ మత ప్రచారం చేయలేదు. బావులు, చెక్‌డ్యాములు, దళితులకు ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి దాని భాష. 18వ శతాబ్దంలో ఇదే పీఠభూమికి కాషాయంతో వచ్చిన జెసూట్లు బోధతో ఆరంభించగా, వారి సభకే చెందిన ఒకడు రెండున్నర శతాబ్దాల తరువాత నీటితో ఆరంభించాడు. మాట వినడం, మొర వినడం అనే రెండూ వేరు కావని గ్రంథమే చెబుతుంది. నిర్గమకాండంలో దేవుడు మోషేను పిలిచే ముందు దాసుల మొరను వింటాడు. మొర వినే దేవుణ్ణి ఆరాధించేవారు వినని మనుషులుగా ఉండడం ఆ ఆరాధనకే విరుద్ధం.

నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పాత లండన్ మిషన్ గుళ్లు, కతోలిక విచారణలు, స్వతంత్ర ప్రార్థన మందిరాలు పక్కపక్కనే ఉన్నాయి. లౌడ్ స్పీకర్లలోనూ ఫోన్లలోనూ వాక్యం మునుపెన్నడూ లేనంత విరివిగా వినిపిస్తోంది. అందువల్ల శ్రవణం సులభమైంది గాని, లోబడటం సులభం కాలేదు. ఎక్కువగా విని తక్కువగా చేయడం అలవాటైనచోట కాఠిన్యం నిశ్శబ్దంగా పెరుగుతుందన్నది హెబ్రీ పత్రిక నేర్పిన పాఠమే. వేరుశనగ ఎండిపోయి, బోరు బావులు అడుగంటి, కుటుంబాలు బెంగళూరు కూలికి తరలిపోతున్న సీమలో సంఘాల నమ్మకత్వాన్ని కొలిచే ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయి: అప్పుల్లో కూరుకున్న రైతు ఇంటికి ఎవరు వెళ్లారు, వలస వెళ్లినవారి పిల్లలను, వృద్ధులను ఎవరు చూసుకున్నారు, మాలకూ మాదిగకూ రెడ్డికీ ఒకే పాత్ర అందిందా, కరువును శిక్షగా చెప్పి దీనుల భారం పెంచారా లేక దాన్ని కలిసి మోశారా. గురువులు అరుదైన దశాబ్దాలను జపంతో దాటిన కుటుంబాలు, కొర్రగింజల్లోంచి పిడికెడు తీసిపెట్టిన స్త్రీలు, ధాన్యం అయిపోయాక కూడా సంఘాన్ని విడువని మాలపల్లెలు ఈ ప్రశ్నలకు తమ కాలంలో తగిన జవాబు ఇచ్చాయి. ఆ హెచ్చరిక ప్రతి తరానికీ కొత్తగా వర్తిస్తుంది కనుక, పూర్వుల విధేయత వారసులకు గౌరవాన్ని ఇవ్వగలదే గాని వారి బదులు వినలేదు. ఆ జవాబు ఇప్పటి సంఘాలే ఇవ్వవలసి ఉంది.